రంగం రేవులో స్ట్రాండ్ హోటల్

సముద్రం మీంచి రంగూన్‌కు వెళ్ళే ఓడకు ఊరు చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. ముందు నీళ్ళ రంగు మారుతుంది. మర్తబాన్ సింధుశాఖలో నీలం పోయి బురద వస్తుంది. ఇరావతి పాయలు మోసుకొచ్చిన ఒండ్రు అది. ఎలిఫెంట్ పాయింట్ దగ్గర నదిలోకి తిరిగాక ఊరికి ఇంకా 20 మైళ్ళ పైచిలుకు దారి ఉంటుంది. పైలట్ ఓడ ఎక్కాలి, పోటు కోసం ఆగాలి, పెగూ నది వచ్చి కలిసే చోట హేస్టింగ్స్ అనే ఇసుకమేటను జాగ్రత్తగా దాటించాలి. ఆ ఎదురుచూపులోనే, నది వంపులను బట్టి ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన, ష్వేడగోన్ స్తూపం శిఖరం వరిపొలాల మీద మెరుస్తుంది. 99 మీటర్ల ఆ బంగారు స్తూపం గురించి ఒక్క పేరా అయినా రాయకుండా రంగూన్ యాత్ర ముగించిన తెల్లదొర అరుదు. ఆ తర్వాత సిరియం చమురు శుద్ధి కర్మాగారం పొగగొట్టాలు, ఇంకాస్త పైన బియ్యం మిల్లులు, వాటి వెనక రేవు వస్తాయి.

20వ శతాబ్దం తొలి దశకాల్లో ఈ దారిన వచ్చిన ప్రయాణికుల ఓడల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. 1856లో కలకత్తా, రంగూన్ మధ్య తపాలా మోసే కాంట్రాక్టుతో మొదలైన కంపెనీ అది. పైన కేబిన్లలో కొద్దిమంది అధికారులు, టేకు వర్తకులు, యాత్రికులు ఉండేవారు. కింద డెక్ మీద వందల మంది, రద్దీ కాలంలో వెయ్యికి పైగా కూలీలు. కేబిన్లలో ప్రయాణించినవాళ్ళు ఎవరో మనకు తెలుసు. వాళ్ళలో కొందరు పుస్తకాలు రాశారు, వాళ్ళు దిగిన హోటల్ ఇప్పటికీ వాళ్ళ పేర్లు చెప్పుకుంటుంది. డెక్ మీద వచ్చినవాళ్ళు జనాభా లెక్కల్లో అంకెలుగా, రేవు ఆరోగ్యాధికారి నివేదికల్లో సమస్యలుగా మిగిలారు. ఆ రెండో గుంపులో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు కాబట్టి, రంగూన్‌లోని ఒక పేరుపడ్డ హోటల్ చరిత్రను తెలుగులో రాసేటప్పుడు అతిథుల పట్టికతో సరిపెట్టుకోవడం కుదరదు. ఆ హోటల్‌కూ రేవుకూ మధ్య ఉన్న రోడ్డును కూడా చదవాలి.

ఉత్తరాంధ్రలో రంగూన్ అనరు, రంగం అంటారు. 'రంగం పోయాడు' అంటే బతుకుతెరువుకు సముద్రం దాటాడని. బర్మీయులు మన కూలీలకు పెట్టిన పేరు మరొకటి: కోరంగీలు. గోదావరి ముఖద్వారం దగ్గర, ఇప్పటి కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని ముంచేశాయి. తుపానుకు 'సైక్లోన్' అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన పరిశీలనల్లో కోరంగి ఉప్పెననూ లెక్కలోకి తీసుకున్నాడు. రేవు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకు తరలింది. కానీ అంతకు ముందే అక్కడి ఓడలూ కలాసీలూ బర్మా తీరానికి అలవాటయ్యారు. అందుకే తర్వాత భీమునిపట్నం నుంచి ఎక్కినా, కళింగపట్నం నుంచి ఎక్కినా, రంగూన్‌లో దిగేసరికి ప్రతి తెలుగు కూలీ కోరంగీ అయిపోయాడు.

ఇంకా పాత పేరు ఒకటి వివాదంలో ఉంది. దిగువ బర్మాలోని మోన్ ప్రజలను బర్మీయులు 'తలైంగ్' అనేవారు. 1862లో బ్రిటిష్ బర్మాకు మొదటి చీఫ్ కమిషనర్ అయిన ఆర్థర్ ఫేర్ చరిత్రకారుడు కూడా. ఆ పదం తెలింగానం నుంచి వచ్చిందని ఆయన అభిప్రాయం. తర్వాతి పండితులు అందరూ దీన్ని ఒప్పుకోలేదు, మోన్ ప్రజలకు ఆ పేరంటేనే గిట్టదు. తెలుగు సభల్లో ఈ వ్యుత్పత్తిని రుజువైన సత్యంలా చెప్పేవాళ్ళు కొంచెం నిదానిస్తే మంచిది. తూర్పు తీరానికీ మోన్ రేవులకూ ప్రాచీన కాలం నుంచి రాకపోకలు ఉన్నాయనడానికి ఆ ఒక్క పదమే ఆధారం కానక్కర్లేదు.

ఊరు మాత్రం పాతది కాదు, స్తూపమే పాతది. ష్వేడగోన్ చుట్టూ ఉన్న దగోన్ అనే చిన్న ఊరిని 1755లో అలౌంగ్‌పయా గెలిచి, యాంగోన్ అని పేరు పెట్టాడు. వైరం ముగిసింది అని దానికి అర్థం. వైరం ముగియలేదు. 1824లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఊరిని పట్టుకున్నారు, రెండేళ్ళకు యాండబో సంధితో వదిలారు. 1852లో మళ్ళీ వచ్చి, ఈసారి వదల్లేదు. గెలిచింది బాడవ నేల, పోటు వస్తే నీళ్ళు నిలిచే చోటు. దాన్ని రేవు పట్టణంగా మార్చే పథకానికి ముందు వైద్యాధికారి మాంట్‌గోమరీ, తర్వాత బెంగాల్ ఇంజనీర్ల దళానికి చెందిన అలెగ్జాండర్ ఫ్రేజర్ రూపం ఇచ్చారు. సూలే పగోడాను నడిమధ్యన పెట్టి, నదికి సమాంతరంగా కొన్ని వెడల్పు వీధులు, వాటికి అడ్డంగా నదివైపు దిగే సన్నని వీధులు గీశారు. స్థలాలు అమ్మగా వచ్చిన డబ్బుతో పల్లాలు పూడ్చారు, కట్ట పోశారు. ఆ కట్ట మీద వెళ్ళే రోడ్డే స్ట్రాండ్ రోడ్డు. బర్మీయంలో దాన్ని కన్నా లాన్ అంటారు, ఒడ్డు వీధి అని. ఇంగ్లీషు పేరుకూ అర్థం అదే.

కొత్త పట్టణాన్ని నిలబెట్టింది బియ్యం. ఇరావతి డెల్టా అడవిని రైతులు కొట్టి పొలాలు చేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరోపాకు దారి దగ్గరైంది. 1930ల నాటికి బర్మా ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది, అందులో పెద్ద వాటా మద్రాసు, కలకత్తాలకే వచ్చేది. ధాన్యం పడవల్లో మిల్లుకు చేరాలి, మిల్లులో ఆడాలి, బస్తాలు రేవుకు వెళ్ళాలి, రేవు నుంచి ఓడ కడుపులోకి దిగాలి. ప్రతి అంచెలోనూ భుజం కావాలి. కొత్త భూమి దొరుకుతున్నన్నాళ్ళు బర్మీయ రైతు ఆ భుజం పని మీద మోజు పడలేదు. బంగాళాఖాతానికి ఇవతల గంజాం, విశాఖపట్నం జిల్లాల మెట్ట ఊళ్ళలో 1866 కరువు మిగిల్చిన జ్ఞాపకం, జమీందారీ పన్నులు, వానను నమ్ముకున్న సేద్యం ఉన్నాయి. గోదావరి ఆనకట్ట నీళ్ళు అందిన చోట మార్పు వచ్చింది, అందని చోట రాలేదు. రంగూన్‌లో రోజుకూలి ఇక్కడికంటే బాగా ఎక్కువ. నాలుగైదు రోజుల ఓడ ప్రయాణం, కోతల తర్వాత ఆరునెలల పని, చేతిలో కొంత రొక్కంతో తిరుగు ప్రయాణం. కాగితం మీద లెక్క సరిపోయేది.

కాగితం మీద లేనిది మేస్త్రీ. ఊరిలోకి వచ్చి టికెట్ డబ్బు, ఇంట్లో వదిలి వెళ్ళడానికి ఇంకొంత అడ్వాన్సు ఇచ్చి మనుషులను తీసుకెళ్ళేవాడు ఇతనే. అతని పైన పెద్ద మేస్త్రీ, ఆ పైన ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవడోర్ కంపెనీ. జీతం కంపెనీ నుంచి బయలుదేరి ఇన్ని చేతులు దాటి కూలీకి చేరేది. ఒక్కో చేతిలో కొంత ఆగిపోయేది. అప్పు తీరేదాకా మేస్త్రీని వదలడానికి లేదు. భాష రాని ఊళ్ళో అన్నం, పడక, జామీను, జబ్బుపడితే మందు అన్నీ అతని దయే. అతన్ని రాక్షసుడిగా చిత్రించడం తేలిక. చాలామంది మేస్త్రీలు అదే ఊళ్ళనుంచి, కొన్నిసార్లు అదే బంధువర్గం నుంచి, అదే డెక్ మీద కూలీగా వచ్చి పైకి ఎక్కినవాళ్ళు. కూలీని పట్టి ఉంచినది గొలుసు కాదు, వరసలు. ఈ వ్యవస్థ మీద 1933లో అచ్చయిన ఇ. జె. ఎల్. ఆండ్రూ పుస్తకం ఇప్పటికీ మొదటి ఆధారం. ఆయన వలస కార్మికుల వ్యవహారాలు చూసిన ప్రభుత్వోద్యోగి, అందుకే లెక్కలు ఎక్కువ, గొంతులు తక్కువ.

ఇలా బియ్యంతో బలిసిన పట్టణానికి ఒక గొప్ప హోటల్ కావలసి వచ్చింది. స్ట్రాండ్ రోడ్డు మీద, రేవుకు ఎదురుగా ఉన్న స్థలం జాన్ డార్‌వుడ్ అనే ఇంగ్లీషు వ్యాపారి చేతిలో ఉండేది. దాన్ని సార్కీస్ సోదరులు తీసుకుని, 1901లో హోటల్ తెరిచారు. సార్కీస్‌లు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఆర్మేనియన్లు. మార్టిన్, టిగ్రాన్, అవియత్, అర్షక్ అనే నలుగురు అన్నదమ్ములు. పెనాంగ్‌లో ఈస్టర్న్ అండ్ ఓరియంటల్, సింగపూర్‌లో రాఫెల్స్ అప్పటికే వాళ్ళవి. రంగూన్ హోటల్ నడిపే బాధ్యత అవియత్‌ది. వాళ్ళు ఓడ కంపెనీల దారిని చూసి హోటళ్ళు కట్టారు. ఓడ ఆగే ప్రతి పెద్ద రేవులోనూ, దిగిన దొర ఎండలో ఎక్కువ దూరం వెళ్ళనవసరం లేకుండా, మంచి గదీ మంచి భోజనమూ దొరకాలన్నదే ఆ వ్యాపార సూత్రం.

ఆర్మేనియన్లు బర్మాకు కొత్తవాళ్ళు కారు. బ్రిటిష్ వాళ్ళకంటే ముందే బర్మా రాజుల దగ్గర వర్తకం చేసినవాళ్ళు. రంగూన్‌లో 1860లలో కట్టుకున్న వాళ్ళ చర్చి ఇప్పటికీ ఉంది. గోల్కొండ కాలంలో మచిలీపట్నానికి పారశీకులతో పాటు వచ్చిన ఆర్మేనియన్ వర్తకుల్లాగే వీళ్ళూ సామ్రాజ్యాల సందుల్లో జీవించారు. పాలకులూ కాదు, పాలితులూ కాదు. యూరోపియన్ల కోసం హోటల్ నడిపినా, యూరోపియన్ క్లబ్బులో వాళ్ళకు దొరికే చోటు ఎంతన్నది వేరే సంగతి.

కట్టడం మూడంతస్తులది, తెల్లనిది. రోడ్డు మీదికి చాచిన పోర్టికో, ఎత్తైన గదులు, టేకు తలుపులు, పాలరాతి నేల. బర్మాలో దొరికే అత్యుత్తమ టేకు ఊరి మిల్లుల్లోనే కోసేవారు కాబట్టి చెక్కకు కొదవ లేదు. పక్కనే ఉన్న మరో వర్తక భవనంలో తర్వాత బ్రిటిష్ రాయబార కార్యాలయం కొలువైంది. అదే రోడ్డు మీద కస్టమ్స్ గడియారం గోపురం లేచింది. రేవుకు ఎదురుగా ఒకదాని పక్కన ఒకటిగా ఓడ కంపెనీలు, బ్యాంకులు, సుంకం కార్యాలయం, హోటల్. ఆ వరసను చూస్తే ఊరు దేనికోసం కట్టారో వేరే చెప్పనక్కర్లేదు.

స్ట్రాండ్ అతిథుల పేర్లు చెప్పేటప్పుడు పర్యాటక రచనలు కిప్లింగ్‌ను తరచుగా ముందు పెడతాయి. కిప్లింగ్ రంగూన్ చూసింది 1889లో, హోటల్ తెరిచింది 1901లో. లేని హోటల్లో ఆయన పడుకోవడానికి వీల్లేదు. సోమర్సెట్ మామ్ విషయం వేరు. ఆయన 1920ల మొదట్లో బర్మా తిరిగి, ఆ ప్రయాణం మీద 1930లో పుస్తకం వెలువరించాడు. 1927లో చిలీ కాన్సల్‌గా వచ్చిన పాబ్లో నెరూడాకు మాత్రం అంత ఖర్చు పెట్టే స్థోమత లేదు. ఊళ్ళోని డల్హౌసీ వీధిలో అద్దెకుండి, దొరల క్లబ్బులకు దూరంగా బర్మీయుల మధ్య తిరిగాడు. ఆ మూడు పేర్లలో నాకు రంగూన్‌ను ఎక్కువ చూసినవాడిగా తోచేది హోటల్లో దిగని నెరూడాయే.

బర్మీయులు స్ట్రాండ్‌లో అతిథులుగా దిగడానికి 1945 దాకా అనుమతి లేదు. ఈ సంగతిని తర్వాతి కాలపు వర్ణనలు పొడిగా ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోతాయి. సొంత దేశపు రాజధానిలో, సొంత నది ఒడ్డున, సొంత టేకుతో కట్టిన గదుల్లో పడుకునే హక్కు లేకపోవడం 44 ఏళ్ళు నడిచిందన్నమాట.

ఇక రోడ్డు. ఓడ దిగిన కేబిన్ ప్రయాణికుడి పెట్టెలు కూలీ తల మీద ఎక్కి హోటల్ పోర్టికో చేరేవి. దూరం వెళ్ళాలంటే రిక్షా, దాన్ని లాగేవాళ్ళలోనూ చాలామంది తెలుగువాళ్ళే. అదే ఓడ డెక్ మీంచి దిగిన కూలీకి ముందు ఆరోగ్య తనిఖీ, మశూచి టీకా. తర్వాత మేస్త్రీ వెనకాల లైను కట్టి, నదికి అడ్డంగా దిగే సన్నని వీధుల్లోని లాడ్జింగ్ ఇళ్ళకు నడక. ఫ్రేజర్ గీసిన ఆ సన్నని వీధులు కొలత ప్రకారం చక్కగానే ఉన్నాయి. వాటిలో కట్టిన ఇటుక ఇళ్ళలో ఒక్కో గదిలోకి ఎంతమందిని కుక్కవచ్చో మాత్రం ఆయన ఊహించి ఉండడు. పగటి పనివాడు లేస్తే రాత్రి పనివాడు అదే చాప మీద పడుకునేవాడు. రంగూన్ కూలీల నివాసాల గురించి 1929లో నియమించిన రాజ కార్మిక కమిషన్, దానికి ముందూ తర్వాతా మునిసిపల్ ఆరోగ్యాధికారులు, అందరూ ఒకే విధంగా విస్తుపోయారు. చట్టాలు వచ్చాయి. గదికి ఇంతమందే ఉండాలని తలుపు మీద రాశారు. తలుపు వెనక ఏం మారలేదు.

1915లో కలకత్తా నుంచి రంగూన్‌కు డెక్ మీద ప్రయాణించిన ఒక వ్యక్తి ఆ అనుభవాన్ని రాసిపెట్టాడు. ఆయన గాంధీ. రద్దీ గురించీ, కాలు పెట్టడానికి వీల్లేని స్నానపు గదుల గురించీ ఓడ అధికారులకు ఫిర్యాదు చేశాడు. అదే డెక్ మీద వచ్చి తన మాట తానే రాసుకోగలిగిన కూలీ ఒక్కడున్నా మన చరిత్ర వేరేలా ఉండేది.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. బర్మీయులు తమ రాజధానిలో మూడోవంతు కూడా లేరు. 1920ల్లో ఏటా 3 లక్షలకు పైగా భారతీయులు బర్మా తీరాన దిగేవారు, చాలామంది తిరిగి వెళ్ళేవారు కూడా. వర్తకం గుజరాతీలది, వడ్డీ నాట్టుకోట్టై చెట్టియార్లది, కార్యాలయాల్లో గుమాస్తాలు బెంగాలీలు, తమిళులు. రేవులో, మిల్లుల్లో, రిక్షా కొయ్యల మధ్య, వీధులూడ్చే మునిసిపల్ పనుల్లో తెలుగువాళ్ళు. ఆంధ్ర దేశంలో ఆ ఊరి పేరు చుట్టూ డబ్బు, దుడుకుతనం కలిసిన ఒక ప్రతిష్ఠ పుట్టింది. 'రంగూన్ రౌడీ' అనే నాటకం మన రంగస్థలం మీద ఆదరణ పొందడానికీ, 1979లో అదే పేరుతో సినిమా రావడానికీ ఆ ప్రతిష్ఠే కారణం. అసలు రంగూన్‌లో ఉన్న సగటు తెలుగువాడు రౌడీతనానికి తీరిక లేని మనిషి.

1930 మే 5న పెగూలో భూకంపం వచ్చింది, రంగూన్ కూడా కంపించింది. అదే రోజు గాంధీ అరెస్టయ్యాడు. ఆ మే నెలలోనే తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఆగకూడదని స్టీవడోర్ కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. ఆర్థిక మాంద్యంతో పల్లెల్లో పని పోయిన కాలం, అందువల్ల మనుషులు దొరికారు. వాళ్ళు పనికి ఇంకా పూర్తిగా అలవాటు పడకముందే కంపెనీలు పాత కూలీలతో రాజీపడ్డాయి. మే 26 ఉదయం రేవుకు వచ్చిన బర్మీయులకు ఇక పని లేదన్నారు. ఆ నిరాశ, వెక్కిరింపులు, చేతికి దొరికిన కర్రలు, ఇనుప కడ్డీలు కలిసి రేవులో మొదలైన ఘర్షణ రోజుల తరబడి ఊరంతా పాకింది. అధికారిక లెక్కలో చనిపోయినవాళ్ళు సుమారు 120 మంది, గాయపడ్డవాళ్ళు 900. ప్రజల నోళ్ళలో లెక్క అంతకు చాలా ఎక్కువ. చచ్చిపోయినవాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళు.

దీన్ని జాతి ద్వేషం అని ఒక్క మాటలో ముగించిన రచనలు ఉన్నాయి. ద్వేషం ఉంది, కాదనలేం. కానీ ఒకే బస్తా మోయడానికి ఇద్దరిని పిలిచి, ఒకరిని చూపి ఇంకొకరి కూలి తగ్గించి, పని అయ్యాక ఒకరిని గేటు బయట నిలబెట్టిన కంపెనీల పేర్లు ఆ వివరణలో ఉండవు. కొట్టుకున్నవాళ్ళిద్దరూ ఆ రోజుకూలి మీద బతికేవాళ్ళే. ఆ తర్వాత రేవు పనిని రెండు వర్గాలకూ పంచే ఏర్పాట్లు చేశారు. చల్లారింది అనుకున్నది 1938లో వేరే కారణంతో మళ్ళీ రాజుకుంది.

హోటల్ ఈలోగా చేతులు మారింది. 1925లో సార్కీస్‌లు దాన్ని రంగూన్‌లోని తోటి ఆర్మేనియన్లకు అమ్మేశారు. మాంద్యం దెబ్బకు 1931లో సార్కీస్ సంస్థే దివాలా తీసింది. స్ట్రాండ్ మాత్రం నడిచింది, 1937లో కొత్త విభాగం కూడా కట్టుకుంది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. తెలుగు కూలీ అప్పటిదాకా ఒకే సామ్రాజ్యంలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు వెళ్ళినవాడు. ఆ రోజు నుంచి విదేశీ. వలసను ఎలా అదుపు చేయాలో చూడమని జేమ్స్ బాక్స్టర్ అనే అధికారికి పని అప్పగించారు. ఆ నివేదిక మీద చర్చ ముగిసేలోగా యుద్ధం వచ్చింది.

1941 డిసెంబర్ 23 ఉదయం జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. జనం అదేదో వింతలా వీధుల్లో నిలబడి తలెత్తి చూశారు. ఆ ఒక్క దాడిలో వెయ్యికి పైగా చనిపోయారు, రేవు ప్రాంతం ప్రధాన లక్ష్యం కాబట్టి భారతీయ కూలీలు ఎక్కువగా పోయారు. వేలమంది మూటలు కట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. వాళ్ళు వెళ్ళిపోతే రేవు ఆగుతుంది, సైన్యానికి సరుకు దిగదు. అందుకని ప్రభుత్వం నచ్చజెప్పి చాలామందిని మధ్య దారి నుంచి వెనక్కి రప్పించింది. 1942 మార్చిలో ప్రభుత్వమే ఊరు వదిలింది, మార్చి 8న జపాన్ సైన్యం ప్రవేశించింది. అప్పటికి సముద్రం మూసుకుపోయింది. తౌంగప్ కనుమ మీదుగా అరకాన్‌కు, తామూ మీదుగా మణిపూర్‌కు, ఇంకా ఉత్తరాన హుకౌంగ్ లోయ మీదుగా అస్సాంకు, నాలుగైదు లక్షల మంది నడిచారు. కలరా, మలేరియా, ఆకలి, చివర్లో వానలు. పదుల వేల సంఖ్యలో చనిపోయారు. అందులో తెలుగువాళ్ళు ఎందరో విడిగా లెక్క కట్టినవాళ్ళు లేరు. ఇళ్ళకు చేరినవాళ్ళ నోటి మాటే శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చాలాకాలం లెక్కగా నిలిచింది.

హోటల్లో జపాన్ అధికారులు దిగారు. నిర్వహణ టోక్యోలోని ఇంపీరియల్ హోటల్‌కు వెళ్ళింది, పేరు యమాతో అయింది. మూడేళ్ళకు యుద్ధం ముగిసి పాత పేరు తిరిగి వచ్చింది. ఈసారి తలుపులు బర్మీయులకూ తెరుచుకున్నాయి.

1948లో స్వతంత్రమైన దేశం 1962 మార్చి 2న సైన్యాధిపతి నె విన్ చేతిలోకి వెళ్ళింది. మరుసటి ఏడాది స్ట్రాండ్ ప్రభుత్వ ఆస్తి అయింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు, పెద్ద నోట్లను రద్దు చేశారు. ఆ ఏడాది నుంచి కొద్దికాలంలో సుమారు 3 లక్షల మంది భారతీయులు, చాలావరకు అక్కడే పుట్టినవాళ్ళు, కొద్దిపాటి సామానుతో ఓడలెక్కారు. తెలుగు కుటుంబాలకు విశాఖపట్నంలో చోటు చూపించారు. కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆనాటిదే. తాతలు భీమిలిలో ఎక్కిన ఓడదారినే వచ్చినా, మనవలకు విశాఖ కొత్త ఊరు. అందరూ రాలేదు. మోల్మేన్ చుట్టుపక్కల మోన్ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు, రామాలయాలు ఇప్పటికీ ఉన్నాయి.

విదేశీ యాత్రికులకు దేశం చాలాకాలం మొదట 24 గంటల, తర్వాత వారం రోజుల వీసా మాత్రమే ఇచ్చింది. ఆ రోజుల్లో స్ట్రాండ్ గదుల్లో పెచ్చులూడే గోడల గురించీ, వెలిసిపోయిన దుప్పట్ల గురించీ రాయడం ఒక సాహిత్య ప్రక్రియ అయింది. అప్పటి యాత్రికులు శిథిలాన్ని అందంగా చూశారు, అక్కడ పనిచేసేవాళ్ళ జీతాల గురించి ఒక్కరూ అడగలేదు. ఆసియాలో ఖరీదైన విడిది గృహాలకు పేరుపడ్డ అడ్రియన్ జెకా ప్రమేయంతో భవనాన్ని బాగుచేసి 1993లో మళ్ళీ తెరిచారు. పాత గదులను కలిపి పెద్దవి చేశారు, అన్నీ సూట్లే. టేకు మళ్ళీ మెరిసింది, పంకాలు మళ్ళీ తిరిగాయి. 2005 చివర్లో రాజధాని నేపిడాకు తరలిపోయినా, స్ట్రాండ్ రోడ్డు వరసలో ఉన్న పాత భవనాలు ఊరి గతాన్ని మోస్తూ ఉన్నాయి. వాటిని కూల్చకుండా చూడాలని 2012లో చరిత్రకారుడు థాంట్ మ్యింట్ ఊ చొరవతో యాంగోన్ హెరిటేజ్ ట్రస్ట్ మొదలైంది. ప్రముఖ భవనాల గోడలకు ఆ సంస్థ నీలం ఫలకాలు పెట్టింది. లాడ్జింగ్ ఇళ్ళున్న సన్నని వీధులకు ఫలకాలు పెట్టాలంటే ఏ ఇంటికి పెట్టాలో తేల్చడం కష్టం, వాటిలో ఏదీ ఎవరి పేరు మీదా లేదు.

హోటల్ పోర్టికోలో నిలబడితే ఎదురుగా నది సరిగా కనిపించదు. మధ్యన రేవు గోడలు, గోదాములు అడ్డం. కొంచెం పక్కకు నడిస్తే పాన్సోడాన్ జెట్టి. ఒకప్పుడు ఆర్థర్ ఫేర్ పేరుతో ఉన్న వీధి ఇప్పుడు పాన్సోడాన్ పేరుతో ఉంది. అక్కణ్ణించి అవతలి ఒడ్డున ఉన్న దలాకు ఫెర్రీ వెళ్తుంది. పోటు ఉన్నప్పుడు మెట్లు తక్కువ, పాటున ఎక్కువ. కూరగాయల బుట్టలు, బియ్యం మూటలు మోసేవాళ్ళు ఇప్పుడు బర్మీయులే. జెట్టికి వెళ్ళాలంటే స్ట్రాండ్ రోడ్డు దాటాలి. 2010 తర్వాత దాన్ని బాగా వెడల్పు చేశారు, రేవుకు వచ్చే కంటెయినర్ లారీలు ఈ దారిన పోతాయి. దాటడానికి చాలాసేపు ఆగాల్సి వస్తుంది.